చేయి గుర్తు కాయం: మందా, తిండా?

మా అత్త చేసే కాయం మందా, తిండా అని మొట్టమొదట అడిగినవాడు గద్వాల స్టేషన్‌లో కరోడ్‌గిరి జవాను. కరోడ్‌గిరి అంటే నిజాం సర్కారు సుంకాల శాఖ. తుంగభద్ర దాటితే కర్నూలు, అది ఇంగ్లీషువాళ్ల ఇలాకా. ఏ సరుకు ఏరు దాటాలన్నా వాళ్లకు విప్పి చూపించాల్సిందే. ఆ జవాను డబ్బా మూత తీసి, వాసన చూసి, గట్టిగా తుమ్మి, "దవానా, ఖానానా?" అనేవాడట. మా ఆయన ప్రతిసారీ "ఖానా సాబ్, బాలింతలు తినేది" అని చెప్పి గట్టెక్కేవాడు. ఇంటికొచ్చి ఆ తుమ్ముతో సహా నటించి చూపించేవాడు. నేనూ పడీపడీ నవ్వేదాన్ని. నవ్విన నోళ్లే ఏడుస్తాయని ఊరికే అన్నారా!

కాయం అంటే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము వేయించి దంచిన పొడి. బెల్లం, నెయ్యి కలిపి ముద్ద చేసి పచ్చి బాలింతకు పొద్దున్నే పెడతారు. అది ఎవరైనా చేస్తారు. మా అత్త కాయంలో మాత్రం ఒక వేరు ఉండేది. అచ్చంపేట అవతల నల్లమలలో దొరికే చేదు వేరు. ఆ చేదు మామూలు చేదు కాదు, వేపాకు దాని ముందు బెల్లం. మా అత్త తల్లికి దాన్ని చూపించింది ఒక చెంచు ముసలమ్మ. చూపించేటప్పుడు చేతిలో చెయ్యి వేయించుకుందట, ఈ వేరును అమ్మకూడదని. మందుకు పైసలు పట్టిన చెయ్యికి గుణం పోతుంది. గుణం పోయిన చేత్తో నూరితే వేరులో చేదు ఉండదు. చేదు లేని వేరు తిన్నా ఒకటే, మన్ను తిన్నా ఒకటే. ఇదీ ఆ ముసలమ్మ చెప్పిన మాట.

అందుకని మా అత్త అమ్మకం ఒక తీరుగా ఉండేది. కొనేవాళ్లు పైసలు ఆమె చేతికి ఇవ్వకూడదు. బెల్లం ఉన్న చాటలో వెయ్యాలి. పొడి తూచి ఇచ్చాక, నడుముకు దోపుకున్న సంచిలోంచి చిన్న మోదుగాకు పొట్లం తీసి, "ఇది ఊరికే ఇస్తున్న, బిడ్డకు పెట్టుకోండ్రి" అనేది. ఆ పొట్లంలో నూరిన వేరు. పొడి తిండి, దానికి పైసలు. వేరు మందు, అది ఊరికే. ఈ రెంటినీ ఆమె ఎన్నడూ కలపలేదు. బాలింత ఇంట్లోనే కలుపుకోవాలి.

నేను వనపర్తి పిల్లను. మా నాన్న అక్కడ ఒక గుమాస్తా. కూతురికి అక్షరాలు వస్తే ఏం ముంచుకొస్తుందిలే అని ఇంట్లోనే తెలుగు నేర్పించాడు. గద్వాలకు కోడలిగా వచ్చేసరికి మా మామ లేడు. ఉన్న చేను వానకు ముఖం వాచిపోయి ఉంది. జొన్న చల్లితే విత్తనాలు కూడా తిరిగి రాని సంవత్సరాలవి. ఇల్లు నడిచేది కాయంతోనే. మా ఆయన అప్పటికే దాన్ని రేకు డబ్బాల్లో పెట్టి వనపర్తి, నాగర్‌కర్నూలు అంగళ్లకూ, రైల్లో కర్నూలుకూ వేస్తున్నాడు. డబ్బాలో పొడి, దాని మీద మోదుగాకు పొట్లం. డబ్బా మీద కాగితం, కాగితం మీద చేయి.

ఆ చేయి మా అత్తదే. కుడిచేతికి మసి పూసి కాగితం మీద అద్దించి, కర్నూలు ప్రెస్సులో అచ్చు దిమ్మ చేయించాడు మా ఆయన. బావి గిలకలో పడి ఆమె చిటికెన వేలు చిన్నప్పుడే వంకరపోయింది. బొమ్మలో కూడా ఆ వంకర అట్లాగే పడింది. చదువు రానివాళ్లు చెయ్యి గుర్తు చూసే కొనేవాళ్లు. "చెయ్యి కాయం ఇయ్యి" అంటే చాలు, ఏ కొట్లోనైనా ఇచ్చేవారు.

యుద్ధం నడుస్తున్న రోజులు. రేకు దొరకడమే గగనమైపోయింది. అటువంటి ఒక రోజు మానవపాడు దిక్కు నుంచి ఒక రైతు వచ్చాడు. వచ్చీ రాగానే డబ్బాను మా గడప మీద విసిరికొట్టాడు. పొడి అంతా చిందింది.

"మీ కాయం తిని నా బిడ్డ సావుబతుకుల మీదున్నది! కడుపు కట్టు తప్పింది, ఒళ్లు కాలిపోతున్నది. ఏం కలిపిన్రు దీన్ల? ఆడపిల్లలను సంపెతందుకు పెట్టుకున్నరా ఈ దుకాణం?"

నాకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు అనబోయాను. అత్త నన్ను కళ్లతోనే ఆపింది. కింద కూర్చుని డబ్బా తీసుకుని లోపల వేళ్లు పెట్టి వెతికింది.

"పొట్లమేది, నాయనా?"

"ఏం పొట్లం?"

"మోదుగాకు పొట్లం. ఉండాలె గద."

"పొట్లం లేదు, పాడు లేదు. పొడే ఉండె."

ఆమె పొడి కొంచెం నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. "ఇది నాది గాదు. పిండి కలిపిండ్రు. శొంఠి గూడ పుచ్చిపోయింది."

"నీది గాకుంటే ఈ చెయ్యి ఎవలదమ్మా? ఈ చెయ్యి చూసే గద కొంటి కర్నూల్ల!" అని అతను ఏడ్చేశాడు. కోపంతో వచ్చిన మనిషి అట్లా ఏడిస్తే ఏం అనగలం? డబ్బా తిప్పి చూశాను. చెయ్యే. అక్షరాలూ మావే, రంగూ మాదే. చిటికెన వేలు మాత్రం తిన్నగా ఉంది. ఆ వేలును ఎవరు చూస్తారు? చెయ్యి అంటే చెయ్యే కదా.

అత్త చెప్పులు వేసుకుని ఆ రైతు వెంట మానవపాడు పోయింది. వారం దాటినా రాలేదు. అప్పటికి నాకు కడుపు తెలిసి కొన్ని నెలలైంది. మా అమ్మ లేదు, పురుడు అత్తింట్లోనే పోయాలి. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆ పిల్లకేమైనా అయితే గద్వాలలో మా గడప తొక్కేవాడు ఉండడు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి, పైకి చెప్పలేనిది. ఆ పిల్లదీ తొలిచూలే, నాదీ తొలిచూలే.

అత్త తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని ఒక్క మాట చెప్పింది. "బతికింది. పాలు ఎండిపోయినయి." తర్వాత నేరుగా వంటింట్లోకి పోయి, మందు నూరే రాతి కల్వాన్ని బోర్లించింది. "గా దొంగచెయ్యి బజార్ల ఉన్నన్ని దినాలు నా చెయ్యి కల్వం ముట్టదు. నా పేరు మీద ఒక్క పిల్ల సచ్చినా నాకు పుట్టగతులుండవు."

ఆ దొంగచెయ్యి ఎవరిదో మా ఆయన వాకబు చేశాడు. కర్నూలులో ఒక దుకాణదారు. మా డబ్బాలే మొదట తెచ్చి అమ్మినవాడు. పోయి నిలదీస్తే, "చెయ్యి అందరికీ ఉంటుందప్పా, నీకొక్కనికే ఇచ్చినాడా దేవుడు?" అని పళ్లికిలించాడట. అప్పుడే ఎవరో చెప్పారు, ఇంగ్లీషు ఇలాకాలో సరుకు గుర్తులకు కొత్త చట్టం వచ్చిందని. గుర్తును రిజిస్టరు చేయించుకుంటే వేరేవాడు ముట్టకూడదట. ఇక మా ఆయన ఆగుతాడా? మరుసటి రైలుకే ముగ్గురం బయల్దేరాం. అత్త సరుకు చేసే మనిషి కాబట్టి, నేను చదవగలను కాబట్టి.

కర్నూలులో ప్లీడరు గారి గదిలో బల్ల మీద మా డబ్బా, దొంగ డబ్బా పక్కపక్కన పెట్టాం. పెద్దమనిషి నిదానస్తుడు. రెండూ తిప్పి తిప్పి చూశాడు.

"గుర్తు సరే. ఏ క్లాసులో వేయమంటారు?" అన్నాడు.

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రైలు క్లాసులు తప్ప మాకేం తెలుసు? ఆయనే ఒక అచ్చు పుస్తకం తీసి చెప్పాడు. లోకంలో ఉన్న సరుకులన్నిటినీ క్లాసులుగా విడదీశారట. ఐదోది మందులు. ముప్ఫయ్యోది కాఫీ, టీ, పంచదార, మసాలా దినుసులు. గుర్తు ఏ సరుకు మీద వాడుతున్నామో ఆ క్లాసు చెప్పాలి. ఒక క్లాసులో గుర్తు మనదైనంత మాత్రాన ఇంకో క్లాసులో కూడా మనదే అవుతుందని లేదు.

"అదెట్లండీ? చెయ్యి ఒకటే కదా" అన్నాను, ఆగలేక.

"చెయ్యి ఒకటేనమ్మా. పట్టుకున్న సరుకు ఏదని అడుగుతారు."

అత్త వెంటనే అందుకుంది. "తిండే రాయి సాబూ. శొంఠి, మిరియాలు, వాము. మందు మేం అమ్మం."

ప్లీడరు గారు కలం తీసి మళ్లీ పెట్టేశాడు. "అమ్మా, మీరు చెప్పిన దుకాణదారు ఇదివరకే దరఖాస్తు పెట్టాడు. మందుల క్లాసులో. సర్కారు పత్రికలో ప్రకటన కూడా వచ్చింది. మీరు తిండి క్లాసులో పెట్టుకుంటే మీ దారి మీది, ఆయన దారి ఆయనది. ఆయన డబ్బా మీద చెయ్యి అట్లాగే ఉంటుంది."

నేను బల్ల మీదకు వంగాను. "ఆపే దారి లేదా?"

"ఉంది. మందుల క్లాసులోనే మీరు అడ్డం పడాలి. ఆయనకంటే ముందు నుంచే ఈ గుర్తుతో ఈ మందు అమ్ముతున్నామని ప్రమాణం చేసి రాసివ్వాలి. తిండి క్లాసులో ఇంకో దరఖాస్తు పెట్టుకుంటే పెట్టుకోండి. ఈ ప్రమాణం మాత్రం తప్పదు."

"ఇస్తం, రాయండి!" అన్నాడు మా ఆయన.

"నోర్ముయ్" అంది అత్త. "మందు మేం అమ్మలే. వేరు ఊరికే ఇస్తున్నం. అమ్మినమని అబద్ధపు ప్రమాణం నేనెట్ల చేద్దు?"

"డబ్బాలో ఉన్నదంతా అమ్మినట్టే లెక్కమ్మా. పైగా మీ కాగితం మీదే అచ్చయి ఉంది కదా?" అన్నాడు ప్లీడరు గారు, డబ్బా ఆమె వైపు తిప్పి. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆమెకు చదువు రాదని ఆయనకు తెలియదు.

అత్త నా వైపు చూసింది. "ఏం రాసున్నది పిల్లా దాని మీద?"

 నేను కోడలిగా వచ్చేనాటికే ఆ కాగితాలు ఉన్నాయి. ఏం రాసి ఉందో కొడుకు చెప్పే ఉంటాడనుకున్నాను. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చదవక ఏం చేస్తాను? చదివాను. "అడవి చేదు వేరుతో చేసిన బాలింతల దివ్యౌషధం." ఆ పక్కనే వెల.

"ఔషధమంటే మందే గద?"

"మందే అత్తా."

"వేరు పేరు పక్కనే పైసలు రాసిండ్రా?"

నేను తలూపాను. ఆమె బల్ల మీద పెట్టి ఉన్న కుడిచేతిని మెల్లగా వెనక్కి తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. ఏ క్లాసులో వేయాలో ఆలోచించుకుని, అడ్డం పడే గడువులోపల రమ్మని చెప్పి ప్లీడరు గారు మమ్మల్ని పంపించాడు.

తిరుగు రైలు తుంగభద్ర వంతెన ఎక్కింది. దాటాక అత్త కొడుకును అడిగింది.

"ఎన్నేండ్లాయెరా గట్ల రాయించి?"

"మూడేండ్లయితది అమ్మా. అందరు అట్లనే రాస్తరు. అట్ల రాస్తేనే కొంటరు."

ఆమె లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. పైసలు కాదు, మనుషులను. "సాలోళ్ల పెద్దకోడలు పోయింది గద, గదెప్పుడు? మన కాయమే తిన్నది. నాగర్‌కర్నూల్ల మా అన్న బిడ్డకు నెల దాక రక్తమాగలే. గదెప్పుడురా?"

"ఆమెకు జొరమమ్మా! దవాఖాన్ల డాక్టరే చెప్పిండు గద!"

ఆమెకు వినపడితే కదా. గద్వాల చేరేదాకా ఒక్కొక్క పేరే తీస్తూ వేళ్లు ముడుస్తూనే ఉంది. 

ఇంటికొచ్చాక నేను మా ఆయన మీద పడ్డాను. నాకు కోపమొస్తే వాడకట్టంతా వినాల్సిందే. "స్టేషన్ల ఖానా, డబ్బా మీద దవా! ఎన్ని నాలుకలయ్యా నీకు? తల్లికి ఒక్క మాట చెప్పకపోతివి!"

"చెప్తే ఒప్పుకుంటదా? తిండి అని రాస్తే ఎవడు కొంటడే? బాలింత ఉన్నోళ్లు మందంటే ఉరుకుతరు గాని శొంఠిపొడి అంటే ఉరుకుతరా? మరి ఇల్లెట్ల నడవాలె? నువ్వు రెండు పూటల తినేది దాంతోనే గద!"

ఆ మాట నిజం. అదే ఇంకా మంట.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. అత్త తిండి తగ్గించేసింది. కాయం కోసం వచ్చిన ఆడవాళ్లను గడప అవతల నుంచే, "చేస్తలేనమ్మా, ఏమనుకోకు" అని పంపించేది. మా వాడకట్టులో పుట్టిన ప్రతి పసిబిడ్డకూ మొదటి నీళ్లు పోసిన మనిషి, పక్కింట్లో పిల్లవాడు పుడితే పోలేదు. నా తలకు వారం వారం నూనె అంటేది, అదీ మానేసింది. నేనే సీసా తీసుకుపోయి ముందు కూర్చుంటే, "నువ్వే రాసుకో బిడ్డా, నా చెయ్యి మంచిగ లేదు" అంది. చేతికి ఏమైందో అని పట్టుకుని చూశాను. ఏమీ కాలేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె నన్ను ముట్టుకోవడానికి భయపడుతోందని. ఆమె భయం నాకూ అంటుకుంది. నెలలు దగ్గరపడుతున్నాయి. కడుపులో బిడ్డ కదిలితే సంబరపడాల్సింది పోయి ఉలిక్కిపడేదాన్ని.

ప్లీడరు గారి గడువూ దగ్గరపడింది. మా ఆయన అడగడానికి సాహసించలేదు, నేను అడిగితే ఆమె లేచి వెళ్లిపోయేది. తిండి అంటే మాట దక్కుతుంది కానీ దొంగచెయ్యి బజార్లో ఉంటుంది. మందు అంటే దొంగచెయ్యి పోతుంది కానీ, తన చేతికి గుణం పోయిందని తానే ప్రమాణం చేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంతలో వనపర్తి నుంచి మా నాన్న నన్ను చూడడానికి వచ్చాడు. జామపండ్లు, ఒక చీర తెచ్చాడు. చివర్లో సంచి అడుగు నుంచి ఒక డబ్బా తీసి గొప్పగా అత్త ముందు పెట్టాడు.

"చెల్లెమ్మా, నువ్వు కాయం చేస్తలేవని విన్న. ఒంట్లో బాగలేదేమో అనుకున్న. మా వనపర్తి అంగట్ల ఇంక మీ డబ్బాలున్నయి, బిడ్డ పురుటికి అక్కరకొస్తదని ఒకటి పట్టుకొస్తిని. మీ చెయ్యి కాయం మీకే తెచ్చిన, చూడు!" అని నవ్వాడు.

డబ్బా మీద చిటికెన వేలు తిన్నగా ఉంది.

అత్త మూత తీసింది. పొట్లం లేదు. మా నాన్నకు ఏమీ అర్థం కాక, "ఏందమ్మా, పాతదా?" అంటున్నాడు. ఆమె ఆ డబ్బాను తీసుకుపోయి పెంటకుప్ప మీద బోర్లించి, కాలితో మన్ను కప్పి వచ్చింది. వచ్చి కొడుకుతో అంది, "పా. కర్నూలు పోదాం."

ఆ ప్రయాణానికి నన్ను రానివ్వమని మొండికేశాను. ఆ పొట్టతో రైలెందుకని అందరూ వద్దన్నారు. నేను వింటేగా! ఆమె ఏం చెప్తుందో నా చెవులతో వినకపోతే నాకు కునుకు పట్టదు.

ప్లీడరు గారు అడగకముందే అత్త మొదలుపెట్టింది. నిలబడే చెప్పింది.

"మందే అమ్మిన సాబూ. మూడేండ్ల సంది అమ్ముతున్న. వానికంటే ముందు అమ్మిన. గా వేరుకు పైసలు పట్టిన. రాసుకో."

"ఐదో క్లాసు. బాగా ఆలోచించుకున్నారా అమ్మా?"

"తిండి అంటే నా మాట బతుకుతది. ఆడపిల్లలు బతకరు. రాసుకో."

ఆయన రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయమన్నాడు. ఆమె బొటనవేలు వణికింది, ముద్ర చెదిరింది. ఇంకో కాగితం మీద మళ్లీ రాయాల్సి వచ్చింది. రెండోసారి నేను పక్కన నిలబడి ఆమె మణికట్టు పట్టుకున్నాను. బయటికి వచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు.

కొన్నాళ్లకు ప్లీడరు గారి దగ్గర నుంచి కబురొచ్చింది. దుకాణదారు తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. మా పాత దిమ్మ చేసిన ప్రెస్సువాళ్లు సాక్ష్యానికి ఒప్పుకున్నారట, అది తెలిసి తోక ముడిచాడు. ఉన్న డబ్బాల మీది చేతి బొమ్మలన్నీ చింపేయించాడు. మా ఆయన ఎగిరి గంతేశాడు. ఇక చెయ్యి మనదే, మందుల క్లాసులో మనదే, యుద్ధం అయిపోతే మదరాసు దాకా పంపుదాం అన్నాడు.

"మంచిదాయె" అంది అత్త. "ఆడపిల్లలకు జర బయం తప్పింది." అంతే. కల్వం బోర్లించినది బోర్లించినట్టే ఉంది.

"ఇంకేందమ్మా? వాడు పోయిండు గద!"

"వాడు పోయిండు. నా చేతుల గుణం గూడ పోయింది. నేనే ఒప్పుకొని ముద్ర ఏసిన గద."

నొప్పులు మొదలైన రోజు నాకు బాగా గుర్తుంది. ఎండ మండిపోతోంది. మంత్రసాని లోపల, అత్త గది బయట. నేను ఎంత అరిచినా ఆమె లోపలికి రాలేదు. గడప పట్టుకుని నిలబడి, "అయితున్నది బిడ్డా, అయితున్నది" అంటూనే ఉంది. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఏడ్చింది. నాకే వణుకు పట్టుకుంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. రక్తం ఆగడం లేదని మంత్రసాని గొంతు మారింది.

"అమ్మా, కాయం పెట్టు తల్లీ! ఊరందరికి పెట్టినవు, ఇంటి పిల్లకు పెట్టవా?"

అత్త కదలలేదు. "నాతోని కాదు. ఇంకెవలతోనన్న నూరిపియ్యి. నా చెయ్యి దీని నోటికి పోవద్దు. దీనికేమన్న అయితే నేను తట్టుకోలేను."

నాకు అంత నీరసంలోనూ కోపం తన్నుకొచ్చింది. అది నా పుట్టుగుణం, ఏం చేయను. "ఏందత్తా నీ గోల! నేనేమన్న బెల్లం చాట్ల పైసలేసిన్నా? నీ డబ్బా కొన్ననా? ఐదో క్లాసు లేదు, ముప్పై క్లాసు లేదు. ఊరికే పెట్టు! ఇంకోల చెయ్యి అయితే నేను నోరు తెరవ. సస్తే సస్త!"

ఆమె గడప మీద ఉన్నచోటే కూలబడింది.  తర్వాత వంటింట్లో రాయి తిరగేసిన చప్పుడు, ఆ తర్వాత నూరుతున్న చప్పుడు. మంత్రసాని నా కాళ్లు రుద్దుతూ దేవుళ్లందరికీ మొక్కుకుంటోంది.

అత్త లోపలికి వచ్చింది. అరచేతిలో నల్లటి ముద్ద.  దాని పక్కన ఆ వంకర చిటికెన వేలు. నా తల ఒళ్లో పెట్టుకుని ముద్ద నోట్లో పెట్టి, నా మొహం మీదకు వంగింది. ఆమె కళ్లలో అంత భయం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నా జ్వరం కోసం కాదు, రక్తం కోసం కాదు, ఆమె చూస్తోంది నా నాలుక ఏం చెప్తుందో అని.

"థూ! అబ్బబ్బ, చేదు!" అని అరిచాను. "సచ్చిపోయిన్నత్తా! బెల్లం కలపనే లేదా ఏంది దీన్ల? నీళ్లియ్యి, నీళ్లు!"

"చేదున్నదా?"

"ఉన్నదా అని అడుగుతవేంది? గొంతు కాలిపోతున్నది!"

"మల్ల చెప్పు. నిజంగ చేదున్నదా బిడ్డా?"

"నువ్వే నాకి చూడరాదూ!"

ఆమె అరచేతికి అంటుకున్నది నాకింది. నాకి, నా నెత్తి మీద మొహం పెట్టి వలవలా ఏడ్చేసింది. కర్నూలులో రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. బెల్లం కలపడం మరిచిపోయిందట. మళ్లీ పోయి కలుపుకొచ్చి, రెండో ముద్ద పెట్టింది. పొద్దు వాలేసరికి నా వణుకు తగ్గింది. అప్పుడు పిల్లను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది.

నా పురుడు తీరాక కల్వం మళ్లీ గోడ దగ్గర తన చోటికి వచ్చింది. మా ఆయన శొంఠిపొడి, మిరియాలపొడి డబ్బాల్లో పెట్టి ముప్ఫయ్యో క్లాసు సరుకుగా అమ్ముకున్నాడు. వాటి మీద చెయ్యి బొమ్మ వేయనివ్వలేదు ఆమె. వేరు కోసం ఎవరైనా వస్తే చేతిలో పెట్టి పంపేది. పైసలు తీయబోతే మాత్రం గడప దిగేదాకా తిట్టేది.